అచ్చుతప్పు గారు వెళ్ళిపోయారు – జ్ఞాపకాలు ఇక్కడ రాయండి

నీలగిరి నీరెండ | ఆదివారం, ఉదయం 6.50

మిత్రులారా, ఇక్కడ ‘అచ్చుతప్పు’ అనే పేరుతో రాసే మన పెద్దాయన నిన్న తెల్లవారుజామున నల్లగొండలో, రామగిరిలోని తన ఇంట్లోనే కన్నుమూశారు. డెబ్భై ఎనిమిదో ఏడు నడుస్తోంది. గుండె జబ్బు పాతదే. వారం కిందటే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. నిన్న సాయంత్రమే అంత్యక్రియలు అయిపోయాయి. అసలు పేరు రాయడం లేదు, ఇక్కడ రాయవద్దని ఆయనే చాలాసార్లు అన్నారు.

నలభై ఏళ్ళకు పైబడిన స్నేహం మాది. మొదటిసారి చూసింది ప్రకాశం బజారు పక్కసందులో ఉండే ఒక చిన్న ప్రెస్సులో. అప్పటికి పంతులు ఉద్యోగం రాలేదు, కంపోజింగు చేసేవారు. ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, తెలుగు టైపు కేసు అంటే మాటలు కాదు. తలకట్టుకు ఒక గడి, కొమ్ముకు ఒక గడి, ప్రతి వత్తుకూ దాని గడి దానిదే. ఆయన కళ్ళు చేతిరాత కాగితం మీదే ఉండేవి, చేయి మాత్రం గడిలోకి వెళ్ళి అక్షరాన్ని ఏరుకుని వచ్చేది. పేర్చిన సీసపు వరసను తలకిందులుగానే గడగడా చదివేవారు. వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. భోజనానికి ముందు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, ఒకసారి వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కునేవారు.

ఆ పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఒక సభకు కరపత్రం వేశారు. ‘ప్రముఖ వక్త గారి ఉపన్యాసం’ అని ఉండవలసిన చోట ‘ఉపవాసం’ అని పడింది. నిర్వాహకులు ప్రెస్సు మీదికి వచ్చారు. ఈయన తాపీగా, “సభ అయ్యాక మాట్లాడుకుందాం” అన్నారు. వక్త పదకొండింటికి మైకు అందుకుని రెండున్నర దాకా వదలలేదు. సభ ముగిశాక నిర్వాహకుల దగ్గరికి వెళ్ళి, “కరపత్రంలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు చూపించండి” అన్నారు.

మీకు గుర్తున్నవి రాయండి. నేను మళ్ళీ వస్తాను, ఇంటి నిండా మనుషులున్నారు.


పానగల్లు పావురం | ఆదివారం, ఉదయం 7.35

నమ్మలేకపోతున్నాను అన్నా. మొన్న బుధవారం కూడా నాకు ఫోను చేసి, ఒక దినపత్రిక పతాక శీర్షికలో ‘శంకుస్థాపన’కు బదులు ‘శంకస్థాపన’ పడిందని చెప్పి, “ఈసారి నిజం రాశారు” అని నవ్వారు.

పింఛను సంగతి ఒకటి చెప్పాలి. పింఛనుదారులు ఏటా బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకోవాలి కదా. ఒక ఏడు ఆయనకు తోడుగా నేనే వెళ్ళాను. పుట్టిన సంవత్సరం గడిలో ఆయన ‘1357’ అని రాశారు. నిజాం కాలపు ఫసలీ లెక్క అది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, అంటే 1947. కౌంటరులో ఉన్న అబ్బాయి కొత్తవాడు. కాగితం వంక, ఈయన వంక చూసి, “సార్, ఈ లెక్కన మీకు ఆరు వందల అరవై దాటాయి” అన్నాడు. ఈయన కళ్ళజోడు సర్దుకుని, “అయితే బకాయి పింఛను ఎంత వస్తుందో చూడు నాయనా, ఆటో తెచ్చుకుంటాను” అన్నారు. వెనక వరసలో ఉన్న ముసలివాళ్ళందరూ ఒకటే నవ్వు. ఆ అబ్బాయి కూడా.

మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఎవరు వచ్చినా ఆయనే తీసుకొచ్చి చూపించేవారు. లింగం వెనక గోడ మీద పగలంతా ఒకే చోట స్తంభం నీడ నిలిచి ఉంటుంది కదా. వచ్చినవాళ్ళు ఏ స్తంభం నీడ అని అడుగుతారు. “అదే తెలియదు. ఫలానా ఆఫీసులో నా ఫైలు కూడా ఇంతే. కదలదు, ఎవరి బల్ల మీద ఆగిందో అంతుపట్టదు.”


పాలమూరు బాటసారి | ఆదివారం, ఉదయం 9.10

ఆసుపత్రిలో చూసి వచ్చినవాళ్ళలో నేనొకడిని. మహబూబ్‌నగర్ నుంచి బస్సులో వెళ్ళాను. మంచం పక్కన సెలైన్ సీసా వేలాడుతోంది. మాట్లాడే ఓపిక ఉండదనుకున్నాను. నన్ను చూడగానే సీసా వైపు వేలు చూపించి, “మీ పిల్లలమర్రికి కూడా ఇలాగే కట్టారు కదూ?” అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పిల్లలమర్రి మా ఊరి పక్కన దాదాపు ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే మర్రిచెట్టు, మూడెకరాలు పరుచుకుని ఉంటుంది. చెదలు పట్టి 2017 చివర పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. తర్వాతి ఏడు చెట్టుకు వందల కొద్దీ సెలైన్ సీసాలు కట్టి, చెదల మందు బొట్టు బొట్టుగా ఎక్కించారు. కుంగిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు.

నేను అవునన్నాను. “దానికి చెదలు పట్టాయి, నాకు చదువు పట్టింది. రెంటికీ ఒకటే వైద్యం” అన్నారు. నర్సమ్మ మందలించేదాకా నవ్వాను. బయటికి వచ్చాక బస్టాండులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను, అది వేరే సంగతి.


వలసపక్షి | ఆదివారం, ఉదయం 10.02

షార్జా నుంచి. రాలేను. ఆయన దగ్గర తీసుకున్న పుస్తకం ఒకటి నా పెట్టెలోనే ఉంది, పద్నాలుగేళ్ళుగా. ఇప్పుడు దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు.


చేదబావి | ఆదివారం, మధ్యాహ్నం 1.25

మాది మర్రిగూడ వైపు. సారు మా ఊరి బడిలో ఆరేళ్ళు తెలుగు చెప్పారు. మీరందరూ ఆయన నవ్వించిన సంగతులు రాస్తున్నారు. నేను నవ్వించని సంగతి రాస్తాను.

మా ప్రాంతంలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ వాళ్ళకు చెప్పనక్కరలేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే తాగకూడదంటారు, మేము దానికి ఎన్నో రెట్లు తాగి పెరిగాం. పళ్ళ మీద గోధుమరంగు గీతలు అందరికీ ఉండేవి. కొందరికి మోకాళ్ళు వంకరపోయేవి, కొందరికి నడుము వంగి మళ్ళీ లేచేది కాదు. మా తమ్ముడికి మెడ బిగుసుకుపోయింది. తల వంచలేడు. బల్ల మీద పుస్తకం పెడితే వాడికి కనిపించదు, చేత్తో ఎత్తి పట్టుకుంటే మోచేతులు నొప్పి.

సారు వచ్చిన రెండో వారం ఒకరోజు బడి వదిలాక ఏడు ఇటుకలు మోసుకొచ్చారు. తమ్ముడిని కూర్చోబెట్టి, కంటి ఎత్తు చూసి, బల్ల మీద ఇటుకలు పేర్చి, వాటి మీద ఒక చెక్క పలకను వాలుగా నిలబెట్టారు. పుస్తకం జారిపోకుండా కింద రెండు మేకులు. పుట ఎగిరిపోకుండా మా అమ్మ బట్టలారేసే క్లిప్పు ఒకటి. ఒక ఇటుక తీసి, మళ్ళీ పెట్టి, “ఇప్పుడు?” అని అడిగారు. వాడు “కనిపిస్తోంది సార్” అన్నాడు. ఆ రోజు ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. చివరి బస్సు వెళ్ళిపోతే మా ఇంట్లోనే పడుకున్నారు.

ఊళ్ళోవాళ్ళ అర్జీలన్నీ ఆయనే రాసేవారు. ఒకసారి ఎవరో, “సార్, అన్నింటి మీదా హాస్యమాడతారు, నీళ్ళ మీద ఎందుకు ఆడరు?” అని అడిగారు. “నీళ్ళు మన మీద ఆడింది చాలదా” అన్నారు. తర్వాత ఎన్నో ఏళ్ళకు కృష్ణా నీళ్ళు వచ్చాయి. మొదటిరోజు మా అమ్మ ఒక సీసా నింపి నాతో ఆయనకు పంపింది. ఆయన తాగలేదు. చాలా రోజులు పుస్తకాల బీరువాలో నిఘంటువు పక్కన పెట్టుకున్నారు.


గద్వాల జరీ | ఆదివారం, సాయంత్రం 4.40

చేదబావి గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను ఆయనను చూసింది రెండే సార్లు. మా పరిచయమంతా పోస్టుకార్డుల్లోనే. పన్నెండేళ్ళ కిందట నేను రాసిన ఒక వ్యాసంలో ‘విద్వద్గద్వాల’ అన్న మాట తప్పు పడింది. మా సంస్థానం పండితులను ఆదరించినందుకు వచ్చిన పేరది. నాలుగో రోజు కార్డు వచ్చింది: “అమ్మా, ఒక ‘ద్’ పోతే గద్వాలకు నష్టం లేదు కానీ, విద్వాంసులు పోయారు. వెతికి పెట్టగలరు.” అప్పటినుంచి నెలకొక కార్డు. నా దగ్గర నూట ముప్ఫై దాకా ఉన్నాయి.

సురవరం ప్రతాపరెడ్డి గారంటే ఆయనకు ప్రాణం. మా జిల్లా ఇటిక్యాలపాడు ఆయనదని నేను గొప్పగా రాస్తే, “మీ జిల్లా పుట్టింది నిన్న మొన్న. ఆయన పుట్టింది 1896లో. ఎవరు ఎవరివాళ్ళో సరిగా రాయండి” అని జవాబు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు ‘పూజ్యం’ అని ఒకరు రాసినందుకు సురవరం వారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు కదా. మన పెద్దాయన దాని మీద రాసిన కార్డు నా దగ్గరే ఉంది: “పూజ్యమంటే సున్న అని అంత కోపం తెచ్చుకోవాలా? పూజింపదగినవారు అని అర్థం చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ ఊరుకోలేదు కనుకనే మనకు పుస్తకం మిగిలింది. కోపం వచ్చినప్పుడు సంచిక తీసుకురాగలిగినవాడికే కోపం శోభ. మనబోటివాళ్ళకు రక్తపోటు.”


దేవరకొండ కోటగుమ్మం | ఆదివారం, రాత్రి 8.15

అందరికీ నమస్కారం. భుజాన గుడ్డసంచీ వేసుకుని ఇంటింటికీ పుస్తకాలు మోసిన మనిషి. నాకు ఆయనను చూస్తే మన నకిరేకల్ వైపు నుంచి వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు గుర్తుకొచ్చేవారు. ఒక్క తేడా ఉంది. ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. మనాయన ఊరికే ఇచ్చేవారు.


నీలగిరి నీరెండ | ఆదివారం, రాత్రి 9.05

ఊరికే ఇవ్వలేదు. ప్రతి పుస్తకానికీ లెక్క రాసేవారు. కిరాణా దుకాణాల్లో ఉంటుందే, ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి ఖాతా పుస్తకం, అందులో. ఎవరినీ చూడనిచ్చేవారు కాదు. “ఇందులో నల్లగొండ జిల్లా నిజాయితీ అంతా ఉంది, బయటపడితే పరువుపోతుంది” అనేవారు.


ముక్కుసూటి | సోమవారం, ఉదయం 5.55

రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. నిర్వాహకులు తీసేస్తే తీసేయండి.

చనిపోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, ఆయన అంత చదివినవాడిని నేను చూడలేదు. తెలుగు, ఉర్దూ రెండూ కరతలామలకం. 1954-55 నాటి ఖాస్రా పహాణీలు అనే భూమి రికార్డులు, అంతకు ముందటి ఉర్దూ కాగితాలు పట్టుకుని రైతులు ఆయన అరుగు మీద కూర్చునేవారు. దమ్మిడీ పుచ్చుకోకుండా చదివి పెట్టేవారు. ఇదంతా నిజం.

నా పుస్తకం ఆవిష్కరణ కూడా నిజమే. నా మొదటి కవితా సంపుటి. జీతంలో కోసుకుని దాచిన డబ్బుతో వేసుకున్నాను. ఆయన మాట్లాడితే చాలు అనుకుని బతిమాలి పిలిచాను. మా ఆవిడ, మా అత్తగారు, ఆఫీసువాళ్ళు ముందు వరసలో ఉన్నారు. ఆయన లేచి, “ఈ పుస్తకంలో అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. తక్కిన తప్పులన్నీ ఉన్నాయి” అన్నారు. సభ పగలబడి నవ్వింది. తర్వాత ఆయన ఇరవై నిమిషాలు మంచి మాటలు కూడా చెప్పారట. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

పదకొండేళ్ళు మాట్లాడలేదు. గడియారం చౌరస్తాలో ఎదురైతే రోడ్డు దాటేవాడిని. రెండో పుస్తకం రాయలేదు. ఆయన చమత్కారాలు మీరందరూ పంచుకుంటున్నారు. ఒక్కొక్క చమత్కారానికీ అవతల ఒకడు ఉంటాడని గుర్తుచేయడానికే ఇది.


పానగల్లు పావురం | సోమవారం, ఉదయం 6.30

మూడోరోజు కూడా కాలేదు. ఇప్పుడా ఇది?


గద్వాల జరీ | సోమవారం, ఉదయం 6.48

ఇప్పుడే. ఆయన ఉంటే ఈ టపాకే ముందు జవాబు రాసేవారు. నాకు వచ్చిన కార్డుల్లో కూడా గుచ్చుకున్నవి ఉన్నాయి, నేను ఎంచుకుని చూపించాను అంతే.


పాలమూరు బాటసారి | సోమవారం, ఉదయం 7.20

ఆ సభలో నేనూ ఉన్నాను, నేనూ నవ్వాను. క్షమించండి అన్నా.


నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 8.00

ఏదీ తీసేయడం లేదు. కొనసాగించండి.


ఆయన చిన్నమ్మాయి | మంగళవారం, రాత్రి 10.30

అందరికీ నమస్కారం. నీరెండ బాబాయి చూపిస్తే నిన్నటినుంచి ఇవన్నీ చదువుతున్నాను. అమ్మకు కూడా చదివి వినిపించాను. చేదబావి అక్కా, ఆ నీళ్ళ సీసా ఇంకా ఉంది. మేము ఎప్పుడూ అది ఏ గంగాజలమో అనుకున్నాం. ఇప్పుడు తెలిసింది.

నాన్న కళ్ళు దానం చేశారు. ఈ సంగతి ఎవరూ రాయలేదు, బాబాయి నాకు వదిలిపెట్టినట్టున్నారు. ఆరు గంటల లోపల తీయాలి. ఏం చేయాలో నాన్నే తన చేత్తో కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించారు. తెల్లవారుజామున మూడున్నరకు నేను అది చూసి ఒక్కొక్కటే చేశాను. ఫ్యాను ఆపాను. తల కింద ఇంకో దిండు పెట్టాను. రెప్పలు మూసి, తడి దూది పెట్టాను. కాగితం చివర ఒక వాక్యం ఉంది: “ఈ కళ్ళు పెట్టించుకున్నవారికి ముందుగానే చెప్పండి, ఏం చదివినా అచ్చుతప్పులే కనిపిస్తాయి, వైద్యుల తప్పు కాదు.” ఆ సమయంలో, ఆ గదిలో, నేను గట్టిగా నవ్వాను. అమ్మ భయపడి లేచి వచ్చింది.

ఇక ఎర్రట్ట పుస్తకం. మూడు ఉన్నాయి, ఒకటి కాదు. నాలుగు గడులు గీశారు: పుస్తకం, పట్టుకెళ్ళినవారు, తేదీ, గతి. కొన్ని పేర్లు లేకుండా రాస్తాను.

“గతి: తిరిగి వచ్చింది. 112వ పుట మీద పప్పు మరక. అంతవరకు చదివాడని రుజువు.”

“గతి: అట్ట వచ్చింది. లోపలి పుస్తకం కోసం ఎదురుచూస్తున్నాను.”

“గతి: పెళ్ళిలో కానుకగా ఇచ్చాడట. నన్ను పెళ్ళికి పిలవలేదు.”

“గతి: సముద్రం దాటింది. హనుమంతుడు దొరికితే కబురు పంపాలి.” ఇది షార్జా అన్నయ్యదే అనుకుంటాను.

ముక్కుసూటి గారూ, మీ పేరు మూడో పుస్తకంలో ఉంది. మిమ్మల్ని ఒక్కసారి కూడా చూడలేదు, కానీ ఆ సభ సంగతి మా ఇంట్లో తెలుసు. ఆ రాత్రి అమ్మ నాన్నకు అన్నం వడ్డించలేదు, గిన్నెలు ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తేదీ ఆ మర్నాటిది. ‘పుస్తకం’ గడిలో “ఒక మాట” అని ఉంది. ‘పట్టుకెళ్ళినవారు’ గడిలో మీ పేరు. ‘గతి’ గడిలో మొదట “వెనక్కి తెచ్చుకోవాలి” అని రాశారు. దాని కింద వేరే వేరే సిరాలతో ఏడు తేదీలు ఉన్నాయి, ప్రతి తేదీ పక్కనా “ఇంటిదాకా వెళ్ళాను” అని. చివరిది నిరుటి సంక్రాంతి ముందు రోజు.


ముక్కుసూటి | మంగళవారం, రాత్రి 11.52

మా ఇంటి ఎదురుగా చాయ్ దుకాణం ఉంది. ఆయన అక్కడ కూర్చుని ఉండగా పైనుంచి రెండు సార్లు చూశాను. చాయ్ కోసం వచ్చారనుకున్నాను.


దేవరకొండ కోటగుమ్మం | బుధవారం, ఉదయం 6.10

పెద్దకర్మ రోజున ఎవరి దగ్గర ఆయన పుస్తకాలు ఉంటే వాళ్ళు తెచ్చేద్దామా? నా దగ్గర నాలుగున్నాయి. ఒకటి చెదలు తిన్నది, అదీ తెస్తాను.


నీలగిరి నీరెండ | బుధవారం, ఉదయం 6.25

తెండి. అరుగు మీద బల్ల వేయిస్తాను. నిజాయితీగా చెబుతున్నాను, నా దగ్గర పదిహేడు ఉన్నాయి.


వలసపక్షి | బుధవారం, ఉదయం 6.40

మా బావమరిది శుక్రవారం హైదరాబాద్ వస్తున్నాడు, అతనికి ఇచ్చి పంపుతాను. చెల్లీ, గతి గడిలో ‘వచ్చింది’ అని నువ్వు రాయవద్దు. నేను వచ్చే ఏడు సెలవులో వచ్చి రాస్తాను.


ముక్కుసూటి | బుధవారం, ఉదయం 7.05

నేను ఏ పుస్తకం తేవాలి?


ఆయన చిన్నమ్మాయి | బుధవారం, ఉదయం 7.11

మీది తెండి అంకుల్. నాన్న దగ్గర ఉన్న ప్రతిలో అంచుల నిండా పెన్సిల్‌తో రాసుకున్నారు. అదేమిటో నాకు అర్థం కావడం లేదు, మీరు వస్తే చదువుకుందాం.